రాత్రికి మూడుసార్లు లేపుతున్న 9 వారాల కుక్కపిల్ల: ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. 8 వారాల ఆడ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొని నేటికి 10 రోజులైంది. నుదుట తెల్లని మచ్చ ఉండడంతో మా అమ్మ దానికి చుక్క అని పేరు పెట్టారు. పగటిపూట దానితో మాకు ఏ ఇబ్బందీ లేదు. పిలిస్తే పరుగెత్తుకొని వస్తుంది, ఆడుతుంది, ఆడుతూ ఆడుతూనే ఒరిగి నిద్రపోతుంది. మా కష్టమంతా రాత్రి దీపాలు ఆర్పిన తరువాతే మొదలవుతోంది.

ఇంట్లో ఉండేది అమ్మ, నేను మాత్రమే. నేను ఉదయం 8 గంటలకు ఉద్యోగానికి బయలుదేరాలి. అమ్మకు 68 ఏళ్ళు. ఒకసారి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. చుక్కను హాల్లో క్రేట్‌లో (కుక్కలను పడుకోబెట్టే చువ్వల బోను) పడుకోబెట్టి, మేము మా గదుల్లోకి వెళ్ళి తలుపులు వేసుకుంటాము. రాత్రి బాగా నిద్ర పట్టాలనే ఉద్దేశంతో 9.30కి కడుపునిండా తిండి పెట్టి, 10.30 వరకు బంతితో ఆడించి, అలిసిపోయాక పడుకోబెడుతున్నాను. అయినా 12.30కి ఒకసారి, 2.45 ప్రాంతంలో ఒకసారి, 4.30కి మరొకసారి లేస్తోంది. మొదట కుయ్‌కుయ్‌మని సన్నగా మూలుగుతుంది. ఎవరూ రాకపోతే క్రేట్ తలుపును గోళ్ళతో గీరుతుంది. ఆ పైన గొంతు చించుకొని అరుస్తుంది.

కుక్కలను పెంచిన అనుభవం ఉన్న ఒక పరిచయస్థులు, ఎంత ఏడ్చినా లేవవద్దని, మూడు రాత్రుల్లో దానంతట అదే మానుకుంటుందని చెప్పారు. ఆ మాట నమ్మి ఆరవ రాత్రి, ఏడవ రాత్రి మేము లేవలేదు. ఆరవ రాత్రి 40 నిమిషాలు ఏడ్చి ఊరుకుంది. ఏడవ రాత్రి గంటకు పైగా ఏడ్చేసరికి అమ్మ తట్టుకోలేక వెళ్ళి తలుపు తీశారు. లోపల పరిచిన గుడ్డ మొత్తం తడిసిపోయి ఉంది. పిల్ల పొట్ట కింది వెంట్రుకలు తడికి ఒంటికి అంటుకుపోయాయి, ఒళ్ళు వణుకుతోంది. అమ్మ దాన్ని తుడిచి తన పక్కలో వేసుకొని పడుకున్నారు. మరుసటి రోజు నుంచి సాయంత్రం క్రేట్ దగ్గరికి తీసుకువెళ్తే ముందు కాళ్ళు నేలకు బిగబట్టి నిలబడిపోతోంది. ఒక్క అడుగు కూడా ముందుకు వేయడం లేదు.

ఇది నిజంగా మూత్రం వచ్చి లేస్తోందా, లేక అరిస్తే మేము వస్తామని తెలిసి లేస్తోందా? పట్టించుకోకుండా ఉండడం సరైన పద్ధతేనా, మేము మధ్యలో మనసు మార్చుకోవడం వల్లనే చెడిందా? ఏ వయసుకు రాత్రంతా నిద్రపోతుందని ఆశించవచ్చు? నిద్ర చాలక నా పనిలో తప్పులు దొర్లుతున్నాయి. నిన్న బండి నడుపుతూ ఒక్క క్షణం రెప్ప వాలింది. చుక్కను వదులుకోవాలనే ఆలోచన మాకు లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చెప్పండి.

మొదటి సమాధానం

మిగతా సలహాలు వచ్చేలోగా ఈ రాత్రే ఒక్క మార్పు చేసి చూడండి. క్రేట్‌ను హాల్లో నుంచి తీసి మీ మంచం పక్కన, పడుకొని చెయ్యి కిందికి జారవిడిస్తే అందేంత దగ్గరగా పెట్టండి. మీ ఇంటికి వచ్చే వరకు చుక్క ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకొని ఉండదు. తల్లి పొట్ట వెచ్చదనం, తోబుట్టువుల ఊపిరి చప్పుడు లేని చీకటి దానికి పూర్తిగా కొత్త. ఆ వయసు పిల్ల ఒంటరిగా మిగిలినప్పుడు అరవడం మొండితనం కాదు, తల్లికి తన జాడ తెలపడానికి పుట్టుకతో వచ్చిన గుణం.

మా కుక్కపిల్ల కూడా మొదటి మూడు రాత్రులు వేరే గదిలో ఇలాగే ఏడ్చింది. నాలుగవ రాత్రి మంచం పక్కకు తెచ్చాము. అర్ధరాత్రి మూలిగినప్పుడు నేను మాట్లాడకుండా క్రేట్ చువ్వల మధ్య నుంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టాను. అది వాటిని వాసన చూసి, చల్లని ముక్కును వాటికి ఆనించి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి పడుకుంది. ఆ తరువాత అది నన్ను లేపింది మూత్రానికి మాత్రమే.

రెండవ సమాధానం

నేను ఇప్పటి వరకు నాలుగు కుక్కపిల్లలను పెంచాను. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే రెండు కారణాలూ కలిసి ఉన్నాయి. ఏ మెలకువ దేనివల్ల వస్తోందో విడదీసి తెలుసుకోగలిగితే సగం పని అయినట్టే.

ముందు మూత్రం సంగతి. పగటిపూట ఒక కుక్కపిల్ల గరిష్ఠంగా ఎంతసేపు ఆపుకోగలదో అంచనా వేయడానికి, దాని వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపి, అన్ని గంటలు అనుకోవడం పెంపకందార్లలో ఉన్న ఒక మోటు లెక్క. ఆ లెక్కన రెండు నెలల చుక్కకు మూడు గంటలు. నిద్రలో శరీరం మూత్రాన్ని తక్కువగా తయారు చేస్తుంది కాబట్టి రాత్రి ఇంకొంచెం ఎక్కువసేపు, నాలుగు గంటల వరకు కూడా ఆగవచ్చు. చిన్న జాతి పిల్లలకు మూత్రాశయం చిన్నది కనుక అంత ఓపిక ఉండదు. అంటే ఈ వయసులో రాత్రికి ఒకటి రెండుసార్లు లేవడం సహజం, దాన్ని తప్పుగా చూడకూడదు. అయితే 10.30కి పడుకున్న పిల్ల 12.30కే లేస్తోందంటే, 9.30కి పెట్టిన తిండి, దానితో పాటు తాగిన నీళ్ళు ఒక కారణం కావచ్చు. మెలకువ వచ్చేసరికి పక్కన ఎవరూ లేకపోవడం మరొక కారణం. కుక్కల నిద్ర మనలా ఒకే విడతగా సాగదు. మధ్య మధ్య మెలకువ వచ్చి, చుట్టూ చూసి, అంతా క్షేమమే అనిపిస్తే మళ్ళీ పడుకుంటాయి. చుక్కకు ఆ క్షణంలో అంతా క్షేమమే అనిపించడం లేదు.

ఒక కాగితం, పెన్ను తలగడ దగ్గర పెట్టుకోండి. లేచిన సమయం, బయటికి తీసుకువెళ్ళాక ఎన్ని నిమిషాలకు మూత్రం పోసింది, ధారాళంగా పోసిందా లేక రెండు చుక్కలు విడిచి ఆటకు దిగిందా అన్నది రాయండి. వెళ్ళిన రెండు నిమిషాల్లో కూర్చొని నిండుగా పోస్తే అది అవసరం. మన్ను వాసన చూస్తూ, మీ చెప్పు పట్టుకొని లాగుతూ ఉంటే అది తోడు కోసం పిలుపు. నాలుగైదు రాత్రుల్లో కాగితమే మీకు చెబుతుంది.

సాయంత్రం క్రమాన్ని ఈ విధంగా మార్చండి. చివరి తిండి 7 గంటలకల్లా పూర్తి కావాలి. నీళ్ళ గిన్నెను పగలంతా అందుబాటులో ఉంచి, పడుకోవడానికి గంటన్నర, రెండు గంటల ముందు తీసివేయండి. వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం తీయకండి, దాహంతో ఉన్న పిల్ల ఎలాగూ నిద్రపోదు. పడుకునే ముందు బంతి ఆటను పూర్తిగా మానండి. ఈ వయసు పిల్లకు రోజుకు 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. అలిసిపోతే బాగా నిద్రపోతుందని మనం అనుకుంటాము. కానీ అతిగా అలిసిన పిల్ల, నిద్ర ముంచుకొచ్చి పేచీ పెట్టే పసిబిడ్డలాగే, ఒళ్ళు వేడెక్కి కుదురుకోలేకపోతుంది. చివరి గంటలో నమలడానికి ఏదైనా ఇచ్చి, వెలుతురు తగ్గించి, పక్కన మౌనంగా కూర్చోండి. ఆ తరువాత 10 గంటలకు ఒకసారి, దీపం ఆర్పబోయే ముందు మరొకసారి మూత్రానికి తీసుకువెళ్ళండి. పిల్లలు చాలాసార్లు మొదటి విడతలో పూర్తిగా ఖాళీ చేయవు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన పద్ధతి అలారం. చుక్క 12.30కి లేస్తుంది కాబట్టి మీరు 12.15కే అలారం పెట్టుకొని లేవండి. అది ఏడవక ముందే మీరు తీసుకువెళ్తే, ఏడిస్తేనే తలుపు తెరుచుకుంటుందనే పాఠం దానికి అందదు, బట్ట తడవదు, మీరు కూడా గుండె దడతో కాకుండా నెమ్మదిగా లేస్తారు. రెండు మూడు రాత్రులు ఏ గొడవా లేకుండా గడిస్తే అలారాన్ని 15 నిమిషాలు ఆలస్యంగా పెట్టండి. 2.45 మెలకువకు ముందు పెట్టుకొనే రెండవ అలారాన్ని కూడా అలాగే జరుపుతూ పోతే, కొంతకాలానికి ఆ రెండూ కలిసి రాత్రికి ఒక్కసారి లేవడం మిగులుతుంది. ఆ ఒక్కటి కూడా నాలుగు నెలల వయసు ప్రాంతంలో చాలా పిల్లలకు అవసరం ఉండదు, కొన్నింటికి ఇంకా ఆలస్యమవుతుంది.

రాత్రి బయటికి తీసుకువెళ్ళేటప్పుడు ఎత్తుకొని వెళ్ళండి, నడిపిస్తే దారిలోనే పోస్తుంది. పెద్ద దీపం వేయకండి, మాట్లాడకండి. లీష్ (మెడకు కట్టి పట్టుకొనే తాడు) వేసి ప్రతిసారీ ఒకే చోట నిలబెట్టి మీరు స్తంభంలా కదలకుండా ఉండండి. పోసిన వెంటనే మెల్లగా ఒక మెచ్చుకోలు మాట అని, నేరుగా క్రేట్‌లోకి తేవాలి. ఐదు నిమిషాల్లో పోయకపోతే కూడా అంతే నిశ్శబ్దంగా వెనక్కి తీసుకురండి.

క్రేట్ అంటే ఇప్పుడు దానికి భయం పట్టుకుంది కనుక ఆ బంధాన్ని మళ్ళీ మొదటి నుంచి కలపాలి. తలుపును తెరిచి ఉండేలా తాడుతో కట్టివేసి, రెండు మూడు రోజులు పగటి తిండి మొత్తం లోపలే పెట్టండి. అప్పుడప్పుడు ఒక చిన్న తిండి ముక్కను లోపలికి విసిరి, దానంతట అదే వెళ్ళి తెచ్చుకోనివ్వండి. లోపల నిశ్చింతగా తింటున్నదని చూశాక తినేంతసేపు తలుపు వేయండి, ఆ తరువాత ఒక నిమిషం, ఆ తరువాత ఐదు నిమిషాలు. ఎన్నడూ తోసి తలుపు వేయకండి. ఈలోగా రాత్రుల్లో ఎత్తైన అంచులున్న, పైన తెరిచి ఉన్న ఒక పెట్టెలో మెత్తని గుడ్డ పరిచి మంచం పక్కన పెట్టుకున్నా సరిపోతుంది. క్రేట్ లోపల నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకొని పడుకునేంత చోటు ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల మూత్రం పోసి మరొక మూల పడుకోవడానికి అలవాటు పడుతుంది. తడిసిన గుడ్డను, అడుగు పలకను మూత్రపు వాసనను పూర్తిగా విరిచే ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా కలిసిన ద్రావణాలు వాడకండి, ఆ వాసన మూత్రపు వాసనకు దగ్గరగా ఉంటుంది.

మూడవ సమాధానం

నా అనుభవం కొంత భిన్నంగా ఉంది కనుక చెబుతున్నాను. మేము పెంచిన రెండు కుక్కలనూ మొదటి రోజు నుంచే వేరే గదిలో పడుకోబెట్టాము. ఏడ్చినప్పుడు వెళ్ళలేదు. రెండూ వారం తిరగక ముందే నిశ్శబ్దంగా పడుకోవడం నేర్చుకున్నాయి, పెద్దయ్యాక కూడా మా మీద ప్రేమలో ఏ లోటూ లేదు. ప్రతి మూలుగుకూ మనిషి లేచి పరుగెత్తితే పిల్లకు ఓర్పు ఎప్పటికి అబ్బుతుంది అన్నది నా సందేహం. చాలా పిల్లలు నిద్రలో కూడా మూలుగుతాయి, కాళ్ళు ఆడిస్తాయి, పక్క మార్చుకొని మళ్ళీ పడుకుంటాయి. అప్పుడు మనం వెళ్తే లేని మెలకువను మనమే తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. మా దగ్గరికి వచ్చేనాటికి అవి రెండూ మూడున్నర నెలలు దాటినవి.

రెండవ సమాధానం రాసినవారు

మీరు చివరి వాక్యం రాసినందుకు కృతజ్ఞతలు, ఎందుకంటే మన ఇద్దరి అనుభవాల మధ్య తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం. మూడున్నర నెలల పిల్లకు రాత్రంతా ఆపుకొనే శక్తి చాలా వరకు వచ్చి ఉంటుంది. మూత్రం వచ్చి ఏడుస్తున్న 9 వారాల పిల్లను గంటసేపు వదిలేస్తే అది తాను పడుకునే చోటే మూత్రం పోయవలసి వస్తుంది. పడుకునే చోటు పాడు చేసుకోకూడదనే గుణం కుక్కల్లో పుట్టుకతో ఉంటుంది. క్రేట్ సహాయంతో మూత్రం అలవాటు చేయడం సాధ్యమయ్యేది ఆ గుణం వల్లనే. దాన్ని పదే పదే చెరిపివేస్తే తరువాత కలిగే కష్టం రాత్రి నిద్ర కంటే పెద్దది. ముందు కాళ్ళు బిగబట్టి నిలబడడం, వణకడం చూస్తే చుక్క నేర్చుకున్నది ఓర్పు కాదు, భయం.

నిద్రలో మూలుగు గురించి మీరు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం, దాన్ని నేను చెప్పడం మరిచాను. మొదటి కుయ్ వినగానే లేవకండి. ముప్పై వరకు మనసులో లెక్కపెట్టండి. పక్క మార్చుకొని పడుకుంటే సరే. లేచి నిలబడి తిరుగుతున్నా, గొంతు పెరుగుతున్నా అప్పుడు తీసుకువెళ్ళండి.

మధ్యలో మనసు మార్చుకోవడం వల్ల చెడిందా అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. ఏ అలవాటునైనా పట్టించుకోకుండా మాన్పించాలని చూస్తే, తగ్గే ముందు అది ఒకసారి బాగా పెరుగుతుంది. 40 నిమిషాల ఏడుపు మరుసటి రాత్రి గంట దాటడానికి అది కొంత కారణం కావచ్చు. సరిగ్గా ఆ సమయంలో తలుపు తెరిస్తే, గంట ఏడిస్తే పని అవుతుందని పిల్ల గ్రహించే వీలుంది. ఆ మాటకు అమ్మగారు బాధపడవద్దు. తడిసి వణుకుతున్న పిల్లను ఆ రాత్రి ఎత్తుకోవడమే సరైన పని. ఆ పద్ధతిని ఈ వయసులో మొదలుపెట్టకుండా ఉండవలసింది, అంతే.

నాలుగవ సమాధానం

నేను పశువైద్యురాలిని. పై సలహాల్లో చాలా వరకు నాకు సమ్మతమే. అయితే రాత్రి మెలకువను అలవాటు అని నిర్ణయించే ముందు జబ్బు కాదని తేల్చుకోవాలి. చుక్కను ఇంకా చూపించి ఉండకపోతే ఈ వారంలోనే మీ దగ్గరలోని వైద్యులకు చూపించండి.

పగటిపూట కూడా గంటలోపే పదే పదే కూర్చొని కొద్దికొద్దిగా పోయడం, ముక్కడం, మూత్రంలో ఎరుపు, ఆ భాగాన్ని ఎప్పుడూ నాకుతూ ఉండడం కనిపిస్తే మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. ఆడ కుక్కపిల్లల్లో ఇది ఎక్కువ. మూత్ర పరీక్షతో తెలిసిపోతుంది, మందుతో నయమవుతుంది. శిక్షణ ఎంత ఇచ్చినా ఇటువంటి పిల్ల ఆపుకోలేదు. రాత్రి విరేచనానికి లేస్తుంటే పేగుల్లో పురుగులు గానీ, తిండి మార్పు గానీ కారణం కావచ్చు. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే, పుట్టాక పాల ద్వారా కూడా పిల్లకు చేరతాయి. అందుకే నులిపురుగుల మందును రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకు ఒకసారి ఇవ్వడం మొదలుపెడతాము. పిల్లను ఇచ్చినవారు ఎన్నిసార్లు వేశారో అడిగి తెలుసుకోండి. పొట్ట ఉబ్బి, మిగతా ఒళ్ళు సన్నగా ఉంటే అనుమానించాలి. పడుకున్నాక గోకుతూ, ఒళ్ళు కొరుక్కుంటూ లేస్తుంటే చెవుల వెనుక, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో గోమార్లు, పేలు ఉన్నాయేమో వెంట్రుకలు విడదీసి చూడండి.

వాంతులు, దుర్వాసనతో కూడిన రక్తవిరేచనాలు, తిండి మానడం, లేవలేని నీరసం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ ఈ వయసు కుక్కపిల్లలను చాలా త్వరగా నీరసింపజేస్తుంది. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాల వరకు సాగుతాయి. అవి పూర్తయ్యే వరకు రాత్రి మూత్రానికి తీసుకువెళ్ళే చోటు ఇతర కుక్కలు తిరగనిదై ఉండాలి. చేతిలోకి ఇమిడేంత చిన్న జాతి పిల్ల అయితే, చివరి తిండిని మరీ ముందుకు జరపకండి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి తూలడం, వణకడం జరుగుతుంది. అటువంటి పిల్లకు తిండి వేళలను మీ వైద్యులతో మాట్లాడి నిర్ణయించండి.

నిద్ర పడుతుందని మనుషులు వాడే మాత్రలు, సిరప్‌లు ఏవీ ఇవ్వకండి. మనం మామూలుగా వేసుకొనే నొప్పి మాత్రలు సైతం కుక్కలకు విషం కాగలవు. మూత్రం పోసిన చోట ముక్కు రాయడం, కొట్టడం చేయకండి. దానివల్ల పిల్ల నేర్చుకొనేది మీ కంట పడకుండా మంచం కింద, తలుపు వెనుక పోయడం మాత్రమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఆరు రాత్రులు గడిచాక రాస్తున్నాను. వైద్యులకు చూపించాము. మూత్ర పరీక్షలో ఏమీ లేదు. నులిపురుగుల మందు ఒక విడత బాకీ ఉందని వేశారు. చుక్క మధ్యరకం జాతి కనుక చివరి తిండిని 7 గంటలకు జరపడానికి అభ్యంతరం లేదన్నారు.

క్రేట్ ఇప్పుడు నా మంచం పక్కన ఉంది. మొదటి రెండు రాత్రులు తలుపు వేయకుండా, క్రేట్ ముందు చిన్న కంచె కట్టి ఉంచాను. మూడవ రాత్రి అది తనంతట తానే లోపలికి వెళ్ళి, అమ్మ పాత చీర ముక్క మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి పడుకుంది. ఆ రాత్రి నుంచి 12.30 ఏడుపు లేదు. అలారం ఇప్పుడు 1.15కు పెడుతున్నాను, బయటికి తీసుకువెళ్ళిన నిమిషంలోపే నిండుగా పోసి, వచ్చి పడుకుంటోంది. 2.45 మెలకువ దానంతట అదే పోయింది.

మిగిలింది 4.30. నా కాగితం ప్రకారం ఆరు రాత్రుల్లో నాలుగుసార్లు ఆ వేళకు లేచి కొద్దిగా పోసింది, ఆ తరువాత మాత్రం పడుకోవడం లేదు. క్రేట్‌లో పెడితే నిలబడి నన్నే చూస్తూ మొరుగుతోంది. నా నిద్ర పోకూడదని అమ్మ 5 గంటలకే లేచి దాన్ని వంటగదిలోకి తీసుకువెళ్ళి తిండి పెడుతున్నారు. ఈ ఒక్కటి ఎలా సరిచేయాలి? క్రేట్‌ను మళ్ళీ హాల్లోకి ఎప్పుడు మార్చవచ్చు?

ఐదవ సమాధానం

మీరు రాసిన దానిలోనే జవాబు ఉంది. తెల్లవారుజామున నిద్ర సహజంగానే పలచబడుతుంది, మూత్రాశయం నిండుతుంది, బయట చప్పుళ్ళు మొదలవుతాయి. ఆ పలచని నిద్రలో మెలకువ రాగానే 5 గంటలకు తిండి దొరుకుతుందని తెలిస్తే ఏ పిల్ల తిరిగి పడుకుంటుంది? దాని కడుపు ఇప్పుడు ఆ వేళకు గడియారంలా మోగుతోంది. అమ్మగారి ఉద్దేశం మంచిదే, కానీ తిండిని మాత్రం రోజుకు 10 నిమిషాల చొప్పున వెనక్కి జరిపి 6.30కి చేర్చమనండి. అంతేకాదు, క్రేట్ తలుపు తీయడానికీ గిన్నె కింద పెట్టడానికీ మధ్య అరగంట ఎడం ఉండాలి; లేవడానికి, తినడానికి మధ్య ఉన్న ముడి అప్పుడే వదులవుతుంది.

4.30కి లేస్తే మూత్రానికి తీసుకువెళ్ళడం మానకండి. వీలైతే 4.15కు మీరే ముందుగా లేవండి. తిరిగి తెచ్చాక క్రేట్ పక్కనే పడుకొని మాట్లాడకుండా వేళ్ళు అందివ్వండి. కిటికీకి ముదురు తెర వేయండి. క్రేట్ మీద పలచని గుడ్డ కప్పి, గాలి ఆడేలా ఒక వైపు తెరిచి ఉంచండి. ఫ్యాన్ చప్పుడు వంటి ఒకే తీరు శబ్దం ఉంటే బయటి చప్పుళ్ళు మరుగున పడతాయి. నాలుగైదు ఉదయాలు కష్టంగానే గడుస్తాయి, మధ్యలో ఒక్కరోజు 5 గంటలకు తిండి పెట్టినా మళ్ళీ మొదటికి వస్తుంది.

పగటి నిద్ర గురించి ఎవరూ అడగలేదు. మీరు ఉద్యోగానికి వెళ్ళాక అమ్మగారితో అది ఎంతసేపు మెలకువగా ఉంటోంది? ఈ వయసులో గంట మెలకువ, ఆ వెంట గంటన్నర, రెండు గంటల కునుకు అన్నట్టుగా రోజు సాగాలి. పగలు నిద్ర తగ్గిస్తే రాత్రి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ పిల్లల విషయంలో జరిగేది దానికి విరుద్ధం. ఆ పగటి కునుకుల్లో ఒకటి రెండు క్రేట్‌లోనే, అమ్మగారు పక్క గదిలో ఉండగా పడితే, ఒంటరిగా ఉండడం కూడా దానికి భయం లేకుండా అలవాటవుతుంది.

హాల్లోకి మార్చే విషయానికి తొందర లేదు. వరుసగా వారం రోజులు నిశ్శబ్దంగా గడిచాక క్రేట్‌ను తలుపు వైపు ఒక అడుగు జరపండి, రెండు మూడు రాత్రులు చూసి మరొక అడుగు. ఎక్కడైనా ఏడుపు తిరిగి వస్తే ఒక అడుగు వెనక్కి రండి. మీ గదిలోనే ఉన్నా మీకు ఇబ్బంది లేకపోతే జరపవలసిన అవసరమే లేదు. నాలుగవ నెలలో పాలపళ్ళు ఊడడం మొదలై, ఏడవ నెల నాటికి పళ్ళన్నీ వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్ళ నొప్పికి కొన్ని రాత్రులు మళ్ళీ లేవవచ్చు. అప్పుడు నేర్పిందంతా పోయిందని దిగులు పడకండి. నమలడానికి చల్లనిది ఏదైనా ఇవ్వండి.

మీరు బండి నడుపుతూ రెప్ప వాలిందని రాశారు. ఆ మాట చదివినప్పటి నుంచి నా మనసులో అదే ఉంది. వారానికి రెండు రాత్రులైనా క్రేట్‌ను అమ్మగారి గదిలో పెట్టి, మీరు వేరే గదిలో తలుపు వేసుకొని పూర్తిగా నిద్రపోండి, మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మగారిని పడుకోనివ్వండి. రాత్రి నిద్ర లేని ఉదయాల్లో దయచేసి బండి తీయకండి.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాలు గడిచాయి, చుక్కకు ఇప్పుడు 13 వారాలు దాటాయి. అమ్మ మంగళ, శుక్రవారాల రాత్రులు తన వంతుగా తీసుకున్నారు. ఆ రెండు ఉదయాలు తప్ప నేను బండి నడపడం మానేశాను. మిగతా రోజుల్లో బస్సులో వెళ్తున్నాను.

తిండిని వెనక్కి జరిపిన మొదటి నాలుగు ఉదయాలు మీరు చెప్పినట్టే కష్టంగా గడిచాయి. మూడవ రోజు అది 25 నిమిషాలు మొరిగింది. నేను పక్కనే పడుకొని, చువ్వల మధ్య వేళ్ళు పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఉన్నాను. ఐదవ రోజు మూత్రం పోసి వచ్చి, రెండుసార్లు మొరిగి, తల నేలకు ఆనించింది. అలారం జరుగుతూ జరుగుతూ గత వారానికి 3.15కు చేరింది, రాత్రికి ఆ ఒక్కసారే లేస్తున్నాము. క్రేట్ గది తలుపు దగ్గరి వరకు వెళ్ళింది. గుమ్మం దాటించడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు, నాకూ దాటించాలని లేదు.

నిన్న రాత్రి 3.15కు అలారం మోగినప్పుడు టార్చి వెలుతురును నేల మీదికి వేసి చూశాను. చుక్క వెల్లకిలా పడుకొని, నాలుగు కాళ్ళూ గాలిలో వదిలేసి నిద్రపోతోంది. లేపడానికి చెయ్యి రాలేదు. అలారం ఆపి, దుప్పటి కప్పుకొని పడుకున్నాను. అది నన్ను పిలిచేసరికి 5.20 అయింది, గుడ్డ పొడిగా ఉంది.